పాలీహౌస్ లావెండర్‌లో వేరుకుళ్ళు: కార్బెండజిమ్ పోసినా ఎందుకు ఆగలేదు, ఇప్పుడు ఏం చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: చేవెళ్ల దగ్గర పాలీహౌస్‌లో, అంతకుముందు జెర్బెరా వేసిన చోటే, 6 అంగుళాల కుండీల్లో లావెండర్ పెంచుతున్నారు. మిశ్రమం కోకోపీట్, వర్మీకంపోస్ట్ సగం సగం. వానలు పట్టాక ముందు ఒక కొమ్మ వాలిపోతోంది, ఆ తర్వాత మొక్క మొత్తం బూడిద రంగుకి తిరిగి ఎండిపోతోంది. కుండీలో తడి మాత్రం ఉంది. కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని రెండుసార్లు పోశారు, మధ్యలో ట్రైకోడెర్మా (తెగుళ్ళని అణిచే మేలు బూజు) ఇచ్చారు, అయినా చావులు ఆగలేదు. ఇంకా గట్టి మందు ఏదైనా ఉందా అన్నది ప్రశ్న.

ముందు సూటిగా సమాధానం. మీరు పోసిన మందు ఈ తెగులు మీద పనిచేసే రకం కాదు. మొదలు దాకా కుళ్ళిన మొక్కని ఏ మందూ బతికించదు. వాటిని ఈ రోజే కుండీ, మిశ్రమంతో సహా బయటికి పంపండి. ఇంకా ఆరోగ్యంగా కనిపిస్తున్న వాటికి నీళ్ళు తగ్గించి, మెటలాక్సిల్-ఎం కలిసిన మందు ఒకసారి పోయండి, రెండు మూడు వారాల తర్వాత ఫోసెటైల్-అల్యూమినియం ఇవ్వండి (కుండీలు ఇంకా బాగా తడిగా ఉంటే ఫోసెటైల్‌నే ముందు ఇవ్వండి). ఇది నెలా రెండు నెలలు గడువు కొనుక్కోవడం మాత్రమే. ఆ గడువులో మిశ్రమం, తడి పెట్టే పద్ధతి మార్చకపోతే సొమ్ము మందుల షాపుకీ, మొక్కలు దిబ్బకీ పోతాయి.

ఇక కారణాలు. లావెండర్ వేరుకుళ్ళలో ఎక్కువసార్లు దొరికేది ఫైటోఫ్థొరా అనే సూక్ష్మజీవి, అందులోనూ ఫైటోఫ్థొరా నికోషియానే. మనకి ఇది కొత్త శత్రువేమీ కాదు. పొగాకులో నల్లకాడ తెగులు తెచ్చేది ఇదే, బత్తాయి, నిమ్మ తోటల్లో మొదలు దగ్గర బంక కారే తెగులుకి కారణమైన వాటిలోనూ ఇది ఉంది. కాబట్టి బత్తాయి తోట మట్టినో, పాత తమలపాకు తోట మట్టినో కుండీల్లో కలిపితే తెగులుని చేతులారా తెచ్చి పెట్టుకున్నట్టే. జెర్బెరా మొదలు కుళ్ళు కూడా ఇదే కుటుంబానికి చెందిన ఇంకో జాతి వల్ల వస్తుంది. పాత జెర్బెరా బెడ్ల మీద కుండీలు నేరుగా పెట్టి ఉంటే ఆ నేలని అనుమానించాల్సిందే.

ఫైటోఫ్థొరా, దానిలాగే వేర్లని కుళ్ళబెట్టే పిథియం చూడ్డానికి శిలీంధ్రాల్లా ఉన్నా నిజానికి శిలీంధ్రాలు కావు, నీటిబూజుల వర్గం. కార్బెండజిమ్ అసలైన శిలీంధ్రాల కణవిభజనని ఆపుతుంది, ఆ పట్టు నీటిబూజుల మీద చిక్కదు. హెక్సాకొనజోల్, టెబుకొనజోల్ లాంటి అజోల్ మందులు శిలీంధ్రం తన కణపొరకి కావాల్సిన ఎర్గోస్టెరాల్ అనే పదార్థం తయారు చేసుకోకుండా అడ్డుపడతాయి, నీటిబూజులు దాన్ని తయారే చేసుకోవు. అందుకే షాపులో ‘కుళ్ళు మందు’ అని అడిగి తెచ్చుకున్న వాటిలో సగం ఇక్కడ నీళ్ళతో సమానం. మీ విషయంలో ఇంకో నష్టం కూడా జరిగింది. కార్బెండజిమ్ ట్రైకోడెర్మాని చంపుతుంది. అంటే మీరు పోసిన మందు శత్రువుని వదిలేసి, మీరే తెచ్చిన మిత్రుణ్ణి తీసేసింది.

మందు కొనే ముందు తెగులు ఇదేనా అన్నది రూఢి చేసుకోండి. వాలిపోతున్న కుండీ, దాని పక్కన బాగున్న కుండీ రెండూ బోర్లించి వేరుబంతి చూడండి. బాగున్న వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి, లాగితే గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరు ముదురు గోధుమ రంగుకి తిరిగి మెత్తబడుతుంది. వేళ్ళ మధ్య పట్టి లాగితే పై పొర తొడుగులా ఊడి, లోపలి నార సన్నటి దారంలా మిగులుతుంది. తర్వాత కాండం మొదలు దగ్గర గోటితో బెరడు గీకండి. పచ్చగా, తడిగా ఉంటే ఆశ ఉంది. గోధుమ రంగు చుట్టూ తిరిగి ఉంటే ఆ మొక్క అయిపోయినట్టే, పైన ఆకులు ఇంకా పచ్చగా ఉన్నా సరే.

ఇక్కడ పొరబడే చోట్లు ఉన్నాయి. ట్రేలోని లేత నారులో వేరు కొసల నుంచి పైకి కుళ్ళు వస్తుంటే పిథియం కావచ్చు, అక్కడా పైన చెప్పిన రెండు మందులే. మట్టి మట్టం దగ్గర కాండం మీద పొడిగా, నొక్కుకుపోయినట్టు మచ్చ ఉండి, వేర్లు చాలావరకు బాగుంటే రైజోక్టోనియాని అనుమానించాలి. అది అసలైన శిలీంధ్రం కాబట్టి దాని మీద మెటలాక్సిల్ పనిచేయదు, అక్కడ కార్బెండజిమ్‌కి అర్థం ఉంది. కొమ్మల మధ్య బూడిద రంగు నూగు ఉంటే బోట్రైటిస్, అది గాలి ఆడకపోవడం వల్ల వచ్చేది, వేరుతో పని లేదు. కోకోపీట్ ఒకసారి బాగా ఎండితే మళ్ళీ నీటిని సరిగ్గా పీల్చదు. పైన తడి, లోపల పొడి అవుతుంది, అప్పుడూ మొక్క వాడుతుంది. వేరుబంతిని మధ్యకి విరిచి చూస్తే తేలిపోతుంది.

ఇంట్లోనే చేయగల చిన్న పరీక్ష ఒకటి ఉంది. అనుమానం ఉన్న కుండీ నుంచి వేర్లతో సహా గుప్పెడు మిశ్రమం కప్పులో వేసి, దాని మీద రెండు అంగుళాల ఎత్తు నీళ్ళు పోయండి. క్లోరిన్ కలిపిన కుళాయి నీరు వద్దు. మందు కొట్టని చెట్టు నుంచి లేత నిమ్మాకు తెచ్చి, అర సెంటీమీటరు ముక్కలుగా కోసి పైన తేలేయండి. గది వేడిలో మూడు నుంచి ఐదు రోజులుంచితే, నీటిబూజు ఉన్నప్పుడు కోసిన అంచుల నుంచి నీరు పట్టినట్టు గోధుమ రంగు పాకుతుంది. బాగున్న కుండీ మిశ్రమంతో ఇంకో కప్పు పక్కనే పెట్టి పోల్చాలి. ఇది ఫైటోఫ్థొరానా, పిథియమా అన్నది మాత్రం మైక్రోస్కోపే చెప్పాలి. మీకు రాజేంద్రనగర్ దగ్గరే. వ్యవసాయ విశ్వవిద్యాలయంలోని ప్లాంట్ పాథాలజీ వాళ్ళకి నమూనా చూపించండి. పూర్తిగా చచ్చిన మొక్క తీసుకెళ్ళకండి, అందులో తర్వాత చేరిన బూజులే దొరుకుతాయి. సగం వాడిన మొక్కని వేరుబంతితో సహా పాలిథిన్ కవర్లో కట్టి, ఫ్రిజ్‌లో పెట్టకుండా, మందు పోయకముందే పట్టుకెళ్ళాలి.

ఇప్పుడు మందుల సంగతి. మెటలాక్సిల్-ఎం 4 శాతం + మాంకోజెబ్ 64 శాతం పొడి (రిడోమిల్ గోల్డ్ లాంటివి) లీటరుకి 2 నుంచి 2.5 గ్రాములు. 6 అంగుళాల కుండీలో సుమారు లీటరున్నర మిశ్రమం పడుతుంది, కుండీకి 150–200 మి.లీ. ద్రావణం చాలు. కింది రంధ్రాల నుంచి నాలుగు చుక్కలు కనిపించగానే ఆపండి, ధారగా కారితే మందు నేలపాలు. మిశ్రమం కొంచెం చెమ్మగా ఉన్నప్పుడు పోయాలి. బాగా ఎండినప్పుడు పోస్తే పక్కల నుంచి జారిపోతుంది, మునిగి ఉన్నప్పుడు పోస్తే పలచబడిపోతుంది. మెటలాక్సిల్ వేరు నుంచి పైకే వెళ్తుంది, కిందికి దిగదు. ఆకుల మీద కొడితే వేరుకి చేరదు, కుండీలో పోయాల్సిందే.

ఫోసెటైల్-అల్యూమినియం 80 శాతం పొడి (అలియెట్) దీనికి భిన్నం. అది మొక్కలో పైకీ కిందికీ తిరుగుతుంది. లీటరుకి 2.5 గ్రాములు కలిపి ఆకులు తడిసేలా పిచికారీ చేసినా వేరుకి రక్షణ అందుతుంది. వానాకాలంలో అసలే తడి ఎక్కువైన కుండీల్లో మళ్ళీ ద్రావణం పోయకుండా మందు ఇచ్చే దారి ఇదొక్కటే, అందుకే ఆ రోజుల్లో దీన్నే ముందు పెట్టమంటాను. ఒక జాగ్రత్త: దీన్ని కాపర్ మందులతో కలపకూడదు, కాపర్ కొట్టిన వెంటనే కూడా వాడకూడదు. ఫోసెటైల్ ద్రావణం పులుపు గుణంది, కాపర్‌ని కరిగించి ఆకుల్ని మాడుస్తుంది. ఆకుల మీద కొట్టే ఎరువులతోనూ కలపొద్దు.

మూడో విడత కావాల్సి వస్తే డైమెథోమార్ఫ్ 50 శాతం పొడి లీటరుకి 1 గ్రాము. మెటలాక్సిల్‌ని వరసగా వాడితే దానికి లొంగని రకాలు త్వరగా తయారవుతాయి, కాబట్టి ఒక పంట కాలంలో రెండుసార్లకి మించొద్దు, అదీ వెంటవెంటనే కాదు. కాపర్ ఆక్సీక్లోరైడ్ తెగులు రాకముందు కొంత అడ్డుకుంటుంది గానీ వేరు లోపలికి వెళ్ళిన దాన్ని ఏమీ చేయలేదు.

రెండు హెచ్చరికలు. ఈ డబ్బాల మీద రాసిన పంటల్లో లావెండర్ ఉండదు, కాబట్టి ముందు పది కుండీలకి పోసి వారం చూశాకే మిగతా వాటికి పోయండి. పువ్వు టీకో, తినే పదార్థాలకో అమ్మే ఆలోచన ఉంటే ఈ మందుల జోలికే వెళ్ళొద్దు. ఇవన్నీ అలంకారానికి అమ్మే కుండీల మాట. కలిపేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి.

మందు పోశాక ఒక మోసం జరుగుతుంది, దాన్ని గుర్తుంచుకోండి. ఈ మందులు తెగులు ఎదుగుదలని చాలావరకు నిలిపేస్తాయే తప్ప వేరులో దాగినదాన్ని పూర్తిగా చంపవు. మొక్క కోలుకున్నట్టు కొత్త చిగుళ్ళు వేస్తుంది, మీరు అమ్ముతారు, మందు బలం తగ్గాక కొన్నవాళ్ళ బాల్కనీలో అది చస్తుంది. తెగులు సోకిన వరసలోంచి ‘బాగుపడిన’ మొక్కల్ని వెంటనే అమ్మకండి, కొమ్మ కత్తిరింపులకి తల్లిమొక్కలుగా అసలే ఉంచకండి.

నా దృష్టిలో అసలు పని మిశ్రమం దగ్గరుంది. లావెండర్ పుట్టింది మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న రాతి వాలుల్లో. దాని వేరు తిండి లేకపోయినా ఓర్చుకుంటుంది గానీ గాలి లేకపోతే ఓర్చుకోదు. మీరు వాడుతున్న సగం కోకోపీట్, సగం వర్మీకంపోస్ట్ మిశ్రమం పాలకూరకి బాగుంటుంది. వర్మీకంపోస్ట్‌లోని సన్నటి పొడి కోకోపీట్ సందుల్ని పూడ్చేసి, కుండీ అడుగు మూడోవంతు ఎప్పుడూ మునిగి ఉండేలా చేస్తుంది. గాలి అందని వేరు కొసలు ముందు చస్తాయి, తెగులు అక్కడి నుంచి లోపలికి దూరుతుంది.

మీ మిశ్రమంలో గాలి ఎంతుందో కొలవడం తేలిక. ఖాళీ కుండీ రంధ్రాలకి లోపలి వైపు నుంచి టేపు వేసి, అంచుకి ఒక అంగుళం కింద గీత పెట్టి, ఆ గీత దాకా ఎంత నీరు పడుతుందో మి.లీ.లో రాసుకోండి. నీళ్ళు పారబోసి, అదే గీత దాకా చెమ్మగా ఉన్న మిశ్రమం నింపి, పైన మెరుపు కనిపించే దాకా మెల్లగా, గంటసేపు ఆగి ఆగి నీరు పోయండి. తర్వాత టేపు పొడిచి, కారిన నీటిని గిన్నెలో పట్టండి. కారిన నీరు కుండీ పరిమాణంలో ఎన్నో వంతో, మిశ్రమంలో గాలి అంత. 1,500 మి.లీ. పట్టే కుండీ నుంచి కనీసం 300 మి.లీ., వీలైతే 375 మి.లీ. కారాలి, అంటే 20–25 శాతం. 150 కూడా కారకపోతే ఏ మందుతోనూ ఆ కుండీలో లావెండర్ నిలవదు.

మన దగ్గర దొరికే వాటితో పనిచేసే పాళ్ళు: బాగా కడిగిన కోకోపీట్ 4, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) 3, ఊక 2, జల్లెడ పట్టిన కంపోస్ట్ 1. ఊక బాయిల్డ్ రైస్ మిల్లుది తీసుకోండి. పచ్చి ధాన్యం ఆడిన మిల్లు ఊకలో మిగిలిన వడ్లు కుండీల్లో మొలుస్తాయి. పెర్లైట్ ఖరీదనిపిస్తే క్రషర్ దగ్గర దొరికే 6 మి.మీ. చిప్స్ కడిగి వాడొచ్చు, బరువు పెరుగుతుంది అంతే. రాతి డస్ట్, ఎర్రమట్టి, సన్న ఇసుక మాత్రం వద్దు, ఇవి సందులు మూసేస్తాయి. కోకోపీట్ కడిగాక ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 0.5 లోపుండాలి. పీహెచ్ 6.2 నుంచి 6.8 మధ్య చాలు. లావెండర్‌కి సున్నం ఇష్టమని పుస్తకాల్లో చూసి డోలమైట్ కలిపేవాళ్ళున్నారు. మీ బోరు నీరు కఠినమైనదైతే పీహెచ్ దానంతటదే పైకి పోతుంది, అదనంగా ఏదీ వేయక్కర్లేదు.

కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందనుకోవడం పొరపాటు. మిశ్రమం అడుగున నిలిచే తడి పొర ఎత్తు మారదు, రాళ్ళు దాన్ని ఇంకొంచెం పైకి, వేర్ల దగ్గరికి జరుపుతాయి. వెడల్పు కుండీ కంటే ఎత్తు కుండీ మేలు అనేది కూడా ఈ లెక్కే. నాటేటప్పుడు కాండం మొదలు మిశ్రమం మట్టానికి అర సెంటీమీటరు పైనే ఉండాలి. చుట్టూ కొబ్బరి పీచు కప్పకండి, కావాలంటే సన్న చిప్స్ వేయండి.

నీళ్ళ విషయానికొస్తే, రోజూ ఫలానా టైముకి డ్రిప్ తిప్పే పద్ధతి లావెండర్‌కి సరిపడదు. నిండా తడిపి కారడం ఆగాక కుండీని తూకం వేయండి. ఉదాహరణకి 1,200 గ్రాములుంటే 850 దగ్గరికి దిగాకే మళ్ళీ తడి. వానాకాలపు మబ్బు రోజుల్లో ఇది నాలుగైదు రోజులు పట్టొచ్చు, ఎండ రోజుల్లో మర్నాడే రావొచ్చు. ప్రతి వరసలో రెండు కుండీలు తూకానికి గుర్తు పెట్టుకుంటే చాలు. తడి ఉదయం 10 గంటల్లోపే పెట్టాలి, సాయంత్రం పైనుంచి చల్లడం పూర్తిగా మానాలి. ఫ్యాన్-ప్యాడ్ (తడి ప్యాడ్ గుండా గాలి లాగి చల్లబరిచే ఏర్పాటు) ఉన్న పాలీహౌస్ అయితే ప్యాడ్ వైపు కుండీలు ఆలస్యంగా ఆరతాయి. చావులు ఆ చివర ఎక్కువగా ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ వైపు డ్రిప్ పక్క పైపులకి వేరే వాల్వు పెట్టక తప్పదు.

తెగులు ఒక కుండీ నుంచి ఇంకో కుండీకి వెళ్ళేది నీటిలోనే. దీని సిద్ధబీజాలకి తోకలుంటాయి, నిలిచిన నీటిలో ఈదుకుంటూ వేరు వాసన పట్టుకుని వెళ్తాయి. సొంతంగా ఈదేది కొద్ది సెంటీమీటర్లే గానీ, పారే నీటితో ఎంత దూరమైనా పోతాయి. అందుకే కుండీలు నేల మీద, వీడ్ మ్యాట్ (కలుపు రాకుండా పరిచే పట్టా) మీద ఉండకూడదు. మెష్ బెంచీలు పెట్టండి, కుదరకపోతే కనీసం ఇటుకలు పేర్చి పైకి ఎత్తండి. కింద నీళ్ళు మడుగు కట్టకుండా వాలు, కంకర ఉండాలి. నీళ్ళ పైపు మూతి నేల మీద పడేసే అలవాటు చాలా చోట్ల కనిపిస్తుంది. ఆ బురద నేరుగా తర్వాతి కుండీలోకి వెళ్తుంది, కొక్కెం కొట్టి వేలాడదీయండి.

బోరు నీటిలో తెగులు ఉండటం అరుదు. ఫారం పాండ్ నీరో, కుండీల నుంచి కారి మళ్ళీ వాడే నీరో అయితే క్లోరిన్ వేయాల్సిందే. డ్రిప్ చివరి డ్రిప్పర్ దగ్గర 2 పీపీఎం (లీటరుకి 2 మి.గ్రా.) మిగలాలి. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 1,000 లీటర్లకి 10 గ్రాములు వేస్తే 3 పీపీఎం వస్తుంది, నీటిలోని మురికి కొంత తినేస్తుంది. బకెట్లో కలిపి తేరిన నీరే ట్యాంకులో పోయండి, మడ్డి పోస్తే డ్రిప్పర్లు మూసుకుపోతాయి. అరగంట ఆగి, ఈతకొలను నీటికి వాడే కిట్‌తో చివర కొలవండి. ఫిల్టర్ తర్వాతే క్లోరిన్, ముందు కాదు. పీహెచ్ 7.5 దాటితే క్లోరిన్ బలం బాగా తగ్గుతుంది. నీటికి యాసిడ్ వేసే అలవాటు ఉంటే విడిగా, వేరే చోట వేయాలి. బ్లీచింగ్, యాసిడ్ ఒకే బకెట్లో కలిస్తే ప్రాణాంతకమైన విషవాయువు వస్తుంది.

ట్రైకోడెర్మా పనికిరానిదని కాదు, అది చికిత్స కాదు. కొత్త మిశ్రమంలో, తెగులు రాకముందు కలిపితే ఉపయోగం. మాంకోజెబ్ ఉన్న మందు పోశాక కనీసం రెండు వారాలు ఆగి ఇవ్వండి. మిశ్రమం మీద ఎగిరే సన్నటి నల్ల దోమల్ని కూడా పట్టించుకోండి. వాటి పిల్లపురుగులు వేరు కొసల్ని కొరికి పిథియంకి దారి చేస్తాయి. పసుపు జిగురు అట్టలు కుండీల ఎత్తులోనే పెట్టాలి, పైన వేలాడదీస్తే పడవు.

ఇక రకం, కాలం. ఇంగ్లిష్ లావెండర్ అనే ఆంగస్టిఫోలియా జాతిని దక్కన్ వేసవిలో పాలీహౌస్‌లో దాటించడం కష్టం, ఖర్చుకి తగ్గ పని కాదు. వేడిమి 30 డిగ్రీలు దాటి గాలిలో తేమ కూడా ఉంటే దాని వేరు నీరసిస్తుంది, ఫైటోఫ్థొరా నికోషియానేకి అదే మంచి వాతావరణం. డెంటాటా, స్టీకాస్ రకాలు కొంత ఓర్చుకుంటాయి. సంకర జాతుల్లో ఫినామినల్ అనే రకం తేమకి, వేరుకుళ్ళకి తట్టుకుంటుందని పేరుంది. ఏదైనా సరే సెప్టెంబరు చివర, అక్టోబరులో నాటి ఫిబ్రవరి, మార్చిలోపు అమ్మేయడం మన దగ్గర లెక్క కుదిరే పద్ధతి. జూన్‌లో నాటితే మొదటి మూడు నెలలు తెగులుతో పోరాటమే. నల్ల కుండీలు ఎండలో వేర్లని ఉడికిస్తాయి, తెల్లవి తీసుకోండి.

కొత్త నారు బయటి నుంచి వస్తే రెండు మూడు వారాలు వేరే బెంచీ మీద ఉంచి, పదింటికి ఒకటి చొప్పున వేరుబంతి విప్పి చూశాకే లోపలికి తేవాలి. ఆ గడువులో మందు పోయకండి, పోస్తే తెగులు దాక్కుంటుంది. సొంతంగా కొమ్మలు నాటుకుంటే తెగులు లేని తల్లిమొక్క పై చిగుళ్ళు 8–10 సెం.మీ. తీసుకోండి, నేలకి తగిలే కింది కొమ్మలు వద్దు. వేరు పుట్టించే మందు పొడిని చిన్న గిన్నెలోకి విడిగా తీసుకుని అద్దండి, మిగిలింది మళ్ళీ డబ్బాలో పోయొద్దు. వేరు రాగానే మిస్టింగ్ (మంచులా నీటి తుంపర చల్లడం) తగ్గించాలి.

పాత కుండీలు మళ్ళీ వాడాలంటే బ్రష్‌తో మట్టి మొత్తం పోయేలా కడిగి, ఇళ్ళలో వాడే 4–5 శాతం హైపోక్లోరైట్ ఒక పాలుకి 9 పాళ్ళ నీరు కలిపి అరగంట నానబెట్టండి. మట్టి అంటుకుని ఉంటే క్లోరిన్ దానికే ఖర్చయిపోతుంది. చచ్చిన మొక్కల మిశ్రమాన్ని కంపోస్ట్ గుంటలో వేయకండి, వేరు ముక్కల్లో తెగులు సంవత్సరాల తరబడి నిలుస్తుంది. బెంచీల కింది జెర్బెరా నేలని మాత్రం వచ్చే ఏప్రిల్, మేలో ఖాళీగా ఉంచి, బాగా తడిపి, 25–50 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ షీట్ నేలకి అంటుకునేలా పరిచి, అంచులు మట్టితో మూసి, పాలీహౌస్ పక్క తెరలు దించి ఆరు వారాలు వదిలేయండి. నల్ల షీట్ వేస్తే అంత వేడి పుట్టదు.